అరకు ఘాటు దారిలో సైకిలు ప్రయాణం

ఈ చలికాలం సెలవులలో విశాఖపట్నం నుండి అరకు వరకు సైకిళ్ళ మీద వెళ్ళిరావాలని మన వసతి గృహం విద్యార్థులు కొందరు అనుకుంటున్నట్టు తెలిసింది. చాలా సంతోషం. పూర్వ విద్యార్థులం కొందరం ఆ దారిలో ఇదివరకే పలుమార్లు వెళ్ళివచ్చినవాళ్ళం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడగగానే మాకు ఈ విషయమే తోచింది. కొండ ఎక్కడం కష్టమని అందరూ అంటారు. నిజానికి ఎక్కేటప్పుడు ఎవరికీ ప్రమాదం లేదు, అలసట తప్ప. ప్రాణం మీదకు వచ్చేదంతా దిగేటప్పుడే. ఆ సంగతి వివరంగా చెప్పాలనే ఈ వ్యాసం. దానితో పాటు ఆ దారిలో ఏమేమి ఉన్నాయో, మనం ఎవరి ఊళ్ళ మీదుగా పోతున్నామో కూడా కొంత చెబుతాము.

ఫ్రాన్సు దేశంలో ద్రాక్షతోటల మధ్య సైకిలు తొక్కుకుంటూ, ఊరూరా ఆగి అక్కడి ద్రాక్ష సారాయం రుచి చూస్తూ పోవడం ఒక పెద్ద వేడుక. ప్రపంచంలోకెల్లా పేరుపొందిన సైకిలు పందెం టూర్ డి ఫ్రాన్స్ 1903లో మొదలైనప్పుడు దానిలో ఉన్నవి ఆరు మజిలీలు. వాటిలో ఒకటి బోర్డో నగరం. ద్రాక్ష సారాయానికి ఆ పేరు తెలియనివారు ఉండరు. మనకు ద్రాక్షతోటలు లేకపోవచ్చు గానీ, పెందుర్తి దాటిన దగ్గర నుండి అరకు దాకా దారి పొడవునా మనకూ చెట్టు నుండి దిగే పానీయం ఒకటి ఉంది. కింద తాటికల్లు, పైన జీలుగు కల్లు. ఇంకా పైకి పోతే కాఫీ. కాబట్టి మనది ఆ దేశానికి తీసిపోయిన దారి ఏమీ కాదు.

నగరం నుండి తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరాలి. గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి, కొత్తవలస వరకు లారీల రద్దీ ఎక్కువ. వెలుగు వచ్చేసరికి ఆ భాగం దాటిపోతే సగం బాధ తీరినట్టే. వెనుక ఎర్రదీపం గాని, కనీసం మెరిసే ఎర్ర రేకు గాని లేకుండా ఆ చీకటిలో ఎవరూ బయలుదేరవద్దు. కొత్తవలస, లక్కవరపుకోట దాటి శృంగవరపుకోట చేరేసరికి సుమారు యాభై కిలోమీటర్లు అవుతుంది. దారి దాదాపు సమతలమే. అక్కడ టిఫిను చేసి, సీసాలు నింపుకొని, బొద్దవర మీదుగా కొండ మొదలుకు చేరాలి. శృంగవరపుకోట విజయనగరం జిల్లాలోనిది. ఘాటు ఎక్కితే వచ్చే అనంతగిరి, అరకులోయ మండలాలు 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. మొత్తం దూరం సుమారు 115 కిలోమీటర్లు. కొత్తవాళ్ళు ఒక్క రోజులో వెళ్ళి తిరిగి రావాలని అనుకోనే కూడదు. రాత్రికి పైన బస చూసుకొనే కదలాలి.

ఈ పల్లపు దారిలో పొద్దున్నే కనబడేవి తాటిచెట్లు, వాటి మీద లొట్టెలు, చెట్టు దిగుతున్న గీత కార్మికులు. ఘాటు ఎక్కిన తరువాత తాటి తగ్గి జీలుగు మొదలవుతుంది. నున్నని మాను, చేప తోకలాంటి ఆకులు, గుర్రపు తోకలాగా కిందికి వేలాడే పూగెలలు. ఒకసారి చూస్తే మళ్ళీ మరిచిపోలేరు. గిరిజనులు కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళు వదిలిన పొడవాటి వెదురు బొంగును మానుకు ఆనించి కట్టి, దానినే నిచ్చెనగా చేసుకొని ఎక్కుతారు. గెల కొనను రోజూ పలుచగా కోస్తుంటే రసం కారి కుండలో పడుతుంది. ఈ చెట్టులో ఒక విచిత్రం ఉంది. దానికి మొదటి గెల తలమీద వస్తుంది. తరువాతి గెలలు ఒక్కొక్కటీ కిందికి దిగుతూ వస్తాయి. అన్నిటికన్నా కింది గెల అయిపోయిందంటే చెట్టు ఆయువు తీరినట్టే. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పిండిపదార్థాన్నంతా ఆ కొద్ది సంవత్సరాలలో పోసేసి చనిపోతుంది. అందుకే ఆ చెట్టు ఉన్న కుటుంబానికి అది ఒక ఆస్తి. ఎవరి చెట్టు ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. అడగకుండా కుండ ముట్టుకోవడం దొంగతనం కిందే లెక్క.

రసం దిగిన వేళకు తియ్యగా ఉంటుంది. కుండలోనే ఉన్న ఈస్టు దానిలోని చక్కెరను సారాయంగా మార్చడం వెంటనే మొదలుపెడుతుంది. కుండ లోపల సున్నం రాస్తే ఆ మార్పు ఆగుతుంది. దానినే నీరా అంటారు. సున్నం రాయకపోతే కొన్ని గంటలలో నూటికి నాలుగైదు పాళ్ళ సారాయం తయారవుతుంది. మరునాటికి పులిసి వెనిగరు వైపు నడుస్తుంది. మన ఇళ్ళలో తరవాణి కుండ ఎలా పులుస్తుందో చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ద్రాక్ష సారాయంలో పన్నెండు పాళ్ళ దాకా సారాయం ఉంటుంది, గాలి తగలకుండా బిగిస్తే సంవత్సరాలు నిలుస్తుంది. అందువల్ల అది సీసాలో కూర్చొని సముద్రాలు దాటుతుంది. కల్లు మాత్రం సాయంత్రం దాకా కూడా ఆగదు. తాగేవాడే చెట్టు దగ్గరకు రావాలి. ఫ్రాన్సు పానీయానికి లోకమంతా పేరు వచ్చి, మన జీలుగు పేరు అనంతగిరి దాటకపోవడానికి రుచి కారణం కాదు, ఈ తేడానే కారణమని మా అభిప్రాయం.

ఇక సైకిలు సంగతి. గేర్లు అంటే ఏమిటో చాలామందికి స్పష్టంగా తెలియదు. మామూలు సైకిలుకు పెడలు దగ్గరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక చక్రం దగ్గర 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లయితే ఒక్క తొక్కుడు చుట్టుకు 5.4 మీటర్లు ముందుకు పోతాము. బీచ్ రోడ్డుకు ఇది బాగుంటుంది. ఘాటులో మాత్రం ఆ 5.4 మీటర్ల ఎక్కుడు భారమంతా ఒక్క చుట్టులోనే కాలి మీద పడుతుంది. గేర్ల సైకిలులో ముందు 28, వెనుక 28 పళ్ళకు మార్చుకుంటే ఒక చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే కదులుతాము. తొక్కుడు బరువు సగానికన్నా తక్కువవుతుంది, చుట్లు అంతకంత పెరుగుతాయి. చేసే పని మొత్తం మారదు, దానిని చిన్న చిన్న వాయిదాలుగా కట్టుకుంటున్నాము, అంతే. అప్పు తీర్చడం తెలిసిన ఇళ్ళ నుండి వచ్చినవాళ్ళం కనుక ఇది మనకు త్వరగానే అర్థమవుతుంది.

ఆ పని ఎంతో లెక్క వేద్దాం. మనిషి, సైకిలు, సంచి కలిపి 75 కిలోలు. ఎక్కవలసిన ఎత్తు సుమారు 900 మీటర్లు. పదవ తరగతి భౌతికశాస్త్రం ప్రకారం 75ను 9.8తో, దానిని 900తో గుణిస్తే ఆరు లక్షల అరవై వేల జౌళ్ళు వస్తుంది. అంటే సుమారు 158 కిలో కేలరీలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మన శరీరం తిన్నదానిలో నాలుగో వంతో, అయిదో వంతో మాత్రమే తొక్కుడుగా మార్చగలదు, మిగిలినది వేడిగా, చెమటగా పోతుంది. కాబట్టి ఎత్తు ఎక్కడానికే 650 నుండి 800 కిలో కేలరీలు కావాలి. సుమారు రెండు వందల గ్రాముల బియ్యం వండుకు తిన్నంత. పైగా దారి అరకు కన్నా ఎత్తుకు పోయి మళ్ళీ దిగుతుంది, కొండకు ముందు పల్లపు దారి కూడా ఉంది. ఖాళీ కడుపుతో బయలుదేరినవాడు ఘాటు మధ్యలో కళ్ళు తిరిగి కూర్చోవడానికి కారణం ధైర్యం లేక కాదు, అన్నం లేక. ముందురోజు రాత్రి కడుపునిండా భోజనం, పొద్దున చోడి అంబలి గాని చద్దన్నం గాని, జేబులో బెల్లం, వేరుశెనగ గుళ్ళు. సీసాలో ఒట్టి నీళ్ళు సరిపోవు. ఓఆర్ఎస్ పొడి గాని, చిటికెడు ఉప్పు, చెంచాలతో పంచదార గాని కలపాలి. షాపులో అమ్మే రంగు నీళ్ళ పొట్లాలకు డబ్బు తగలెయ్యవలసిన అవసరం లేదు.

గేర్ల సైకిలు లేనివాళ్ళు చిన్నబుచ్చుకోవద్దు. టూర్ డి ఫ్రాన్స్ వాళ్ళను 1910లో పిరనీస్ పర్వతాల మీదుగా పంపించినప్పుడు ఇప్పటిలాంటి గేర్లు ఏవీ లేవు. ఆ పందెంలో గేరు మార్చే యంత్రాన్ని అనుమతించినది 1937లో మాత్రమే. అంతకుముందు మహా మహా వీరులు కూడా కొండ మీద దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచారు. మనం నడిస్తే తప్పేమిటి? వంపు దగ్గర దిగి నడవండి, నీడలో మళ్ళీ ఎక్కండి. పోటీ పడి గుంపును విడిచి ముందుకు పోవద్దు. మాలో నెమ్మదిగా తొక్కేవారిని ముందు పెట్టి, బలమైనవారిని వెనుక ఉంచడం మేము పాటించే పద్ధతి.

కొండ ఎక్కుతుంటే పక్కన, ఒకసారి పైన, ఒకసారి కింద రైలు పట్టాలు కనబడుతుంటాయి. అది కొత్తవలస - కిరండోలు లైను. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960ల దశకంలో వేసినది. 1976లో విశాఖలో ఔటర్ హార్బరు తెరిచినది కూడా పెద్ద ఖనిజం ఓడలు నిలవడానికే. తరువాత మన ఉక్కు కర్మాగారానికి ఖనిజం వచ్చినదీ ఈ లైను మీదనే. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఆ రైళ్ళను ఒకసారి నిలబడి గమనించండి. ఖాళీగా పైకి పోతాయి, నిండుగా కిందికి వస్తాయి. వేల టన్నుల బరువు వాలులో దిగుతున్నప్పుడు డ్రైవరుకు పని లాగడం కాదు, పట్టి ఉంచడం. సైకిలు మీద మనకూ అంతే.

బొర్రా దగ్గరకు వచ్చినప్పుడు ఇంకొకటి గుర్తు చేసుకోవాలి. పోటీ పరీక్షలకు చదివేవారికి సమత తీర్పు తెలిసే ఉంటుంది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు వారికి గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన ఆ కేసు ఈ అనంతగిరి, బొర్రా ప్రాంతపు గ్రామాల నుండి వెళ్ళినదే. పుస్తకంలో ఒక పేరాగా చదివిన ఊరు మీదుగా సైకిలు తొక్కడం వేరు. 1970లో సవరించిన భూ బదలాయింపు చట్టం, మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది, ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంటుంది. అందుకే ఇక్కడి కాఫీ తోటలలో చాలా భాగం కర్ణాటకలో ఉన్నట్టు పెద్ద ఎస్టేటులు కావు. ఎకరా, రెండెకరాల గిరిజన రైతుల తోటలు.

సుంకరిమెట్ట చేరేసరికి ఆ తోటలు రోడ్డుకు రెండు పక్కలా వస్తాయి. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగ, ఆ నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. డిసెంబరు, జనవరి నెలల్లో పళ్ళు ఎర్రగా పండి ఉంటాయి. జిల్లా మొత్తం మీద రెండు లక్షల ఎకరాలకు పైబడి కాఫీ ఉంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి రెండేళ్ళ ముందే, 2017లో, పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, దాని ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది, రైతుల దగ్గర కాఫీ కొంటుంది. కల్లు చెట్టు కిందనే ఉండిపోయింది, కాఫీ మాత్రం ద్రాక్ష సారాయం పుట్టిన దేశానికే వెళ్ళి కూర్చుంది.

పండు అందంగా ఉందని కోయకండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట మాత్రమే కాదు. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు కనబడింది. గుండుసూది తలంత నల్లని పెంకు పురుగు. కాయ కొనకు రంధ్రం చేసి గింజలోనే పిల్లలు పెడుతుంది. పురుగు పట్టిన తోటలలో కాయలన్నీ కోసి, వేడినీళ్ళలో ముంచి, పూడ్చిపెట్టవలసి వచ్చింది. ఒక తోటలో కోసిన నాలుగు కాయలు జేబులో వేసుకొని ఇంకో ఊరి దగ్గర పారేస్తే పురుగును మనమే మోసినట్టు. రెండెకరాల రైతుకు ఒక ఏడాది పంట పోవడం అంటే ఏమిటో మన నాన్నలను అడిగితే చెబుతారు. వాళ్ళ పిల్లలు కూడా మనలాగే హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవారే.

ఇప్పుడు అసలు సంగతి, దిగడం. ఎక్కేటప్పుడు మనం కూడబెట్టిన ఆరు లక్షల అరవై వేల జౌళ్ళూ దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది. మిగిలినదంతా బ్రేకు రబ్బరు, చక్రం రిమ్ము వేడిగా మారి భరించాలి. వేగం రెట్టింపయితే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మంచి బ్రేకులతో సమతల రోడ్డు మీద పన్నెండు మీటర్లలో ఆగే సైకిలు, 60 కిలోమీటర్లకు 46 మీటర్లు తీసుకుంటుంది. బ్రేకు నొక్కాలని మనసుకు తట్టడానికి పట్టే ఒక్క సెకను కలిపితే 20 మీటర్లు, 63 మీటర్లు. వాలులో ఇంకా ఎక్కువ. ఘాటు మలుపులో ముందు 63 మీటర్ల రోడ్డు కనబడే చోటు ఎన్ని ఉన్నాయో మీరే చూడండి. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర మలుపులో పర్యాటకుల బస్సు ఒకటి లోయలో పడి నలుగురు చనిపోయారు. వాళ్ళూ అరకు చూసి కిందికి దిగుతున్నవారే.

అందుచేత మలుపులో బ్రేకు వెయ్యకూడదు, మలుపుకు ముందే వేసి వేగం తగ్గించుకోవాలి. రెండు బ్రేకులూ కలిపి నొక్కాలి. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుకే ఉంది, కానీ అది ఒక్కటే గట్టిగా పట్టేస్తే మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు. పట్టి ఉంచకుండా పట్టి వదులుతూ ఉంటే రిమ్ము చల్లబడుతుంది. పది నిమిషాలకోసారి ఆగి రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకలేనంత వేడి ఉంటే చల్లారే వరకు కూర్చోండి. రాడ్ బ్రేకుల పాత సైకిలుకు ఇనుప రిమ్ము ఉంటుంది. మంచుకో వానకో తడిస్తే దాని మీద రబ్బరు జారుతుంది, పట్టు చాలా వరకు పోతుంది. డిసెంబరు, జనవరి పొద్దుటి మంచులో ఆ సైకిళ్ళ మీద దిగడం మేము ఒప్పుకోము. ఎండ వచ్చి రోడ్డు ఆరిన తరువాతే కదలాలి. మాలో ఒకరి అద్దె సైకిలుకు వెనుక బ్రేకు రబ్బరు సగం దారిలో అరిగిపోయి ఇనుము ఇనుమును గీకింది. కొండ వైపు ఉన్న కాలువ గట్టుకు ఆనించి ఎలాగో ఆపాడు. మోకాలు చీరుకుపోయింది, అంతటితో బయటపడ్డాడు. ఎడమ పక్కన లోయ ఉన్న చోట అయితే ఈ వాక్యం మరోలా రాయవలసి వచ్చేది. కొత్త రబ్బర్ల జత వంద రూపాయలు కూడా ఉండదు. బయలుదేరే ముందు మార్పించండి, ఇంకో జత సంచిలో పెట్టుకోండి.

కల్లు మాట మళ్ళీ ఇక్కడ చెప్పక తప్పదు. పైన ఎవరైనా ఆదరంగా ఒక గ్లాసు ఇస్తారు. ఆ ఆదరం నిజమైనదే. పద్దెనిమిది దాటని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అది అసలు సంబంధం లేని విషయం. పెద్దవాళ్ళకు కూడా మా మాట ఒక్కటే, సైకిలు దిగవలసిన రోజు వద్దు. 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పదకొండు మీటర్లు పోతాము. చెయ్యి బ్రేకు మీదకు వెళ్ళడం అర సెకను ఆలస్యమయితే అయిదున్నర మీటర్లు అదనం. ఘాటు రోడ్డు వెడల్పే అంతకు కాస్త ఎక్కువ. నాలుగు పాళ్ళ సారాయమే కదా అని అనుకోవద్దు, అలసి చెమటోడ్చిన ఒంటికి అది మంచిది కాదు. వద్దనడం ఇబ్బందిగా ఉంటే, కిందికి పోవాలి మామా అని చెప్పండి. వాళ్ళకు ఆ దారి మనకన్నా బాగా తెలుసు, నొచ్చుకోరు.

దిగడానికి ధైర్యం చాలనివారికి, బ్రేకులు సరిగా లేనివారికి, చీకటి పడుతున్నవారికి రైలు ఉంది. కిరండోలు నుండి విశాఖపట్నం వచ్చే పాసింజరు అరకులో సాయంత్రం పూట ఆగుతుంది. సైకిలును లగేజీగా బుక్ చేసుకోవచ్చు. అందుకని స్టేషనుకు కనీసం గంట ముందు చేరండి. పెట్రోలు లేదు గనుక ఖాళీ చేయించే పని ఏమీ ఉండదు, కానీ పెడళ్ళు, హ్యాండిలు తగిలి ఇతరుల సామాను పాడవకుండా గోనెపట్ట చుట్టి తాడు కట్టాలి. గోనెపట్ట, రెండు మీటర్ల తాడు ఇంటి దగ్గర నుండే తెచ్చుకోవాలి, అరకు సంతరోజు తప్ప అవి సులువుగా దొరకవు. టన్నెళ్ళలో పోతున్నప్పుడు ఎడమ వైపు కిటికీ, కుడి వైపు కిటికీ అని కొట్లాడుకోకండి, లోయ రెండు వైపులకూ మారుతూ ఉంటుంది.